పాత చీటీ

తిరువూరు,
12 నవంబరు 2024.

బావమరిది స్టీఫెన్‌కు,

ప్రభువు కృప నీకూ ఆరాధనకూ పిల్లలకూ తోడుండాలని కోరుతూ మీ బావ రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. ఆదివారాలు చర్చికి వెళ్తున్నాను.

నిన్న ఆరాధన విస్సన్నపేట నుంచి ఫోన్ చేసింది. మందులు మొదలుపెట్టి రెండు నెలలైనా నీకు నీరసం తగ్గలేదట. సోమవారం విజయవాడలో ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్తానంటున్నావట. ఆ డాక్టరు పేరు టైర్ల కొట్టు బాలశౌరి చెప్పాడట. బాలశౌరి మంచివాడే. టైర్ల గురించైతే అతని మాట వినవచ్చు.

ఫోనులో నాకు మాట సాగదు. అందుకే ఉత్తరం.

నీకు వచ్చింది మీ అక్కకు వచ్చిన క్షయే. ఆరు నెలల మందు. నీరసం ఆలస్యంగా పోతుందనీ, మందు మాత్రం ఆపవద్దనీ ఇక్కడి డాక్టరు మొదటిరోజే చెప్పాడు. మూడో నెలలో మేము విజయవాడ వెళ్ళాము. తర్వాత ఖమ్మం. మళ్ళీ విజయవాడ. పాత చీటీ చూపిస్తే కొత్త డాక్టరు నొచ్చుకుంటాడని దాన్ని బీరువాలోనే ఉంచి వెళ్ళేవాళ్ళం. ప్రతిచోటా దగ్గు కొత్తగా వచ్చిందన్నట్టే చెప్పాము. ఒకరు ఎలర్జీ అన్నారు, ఒకరు ఆయాసమన్నారు. అసలు మందు మధ్యలో ఆగిపోయింది. తిరిగి మొదలుపెట్టేసరికి అది పనిచేయలేదు.

అంతా అక్క తొందరపాటు వల్లేనని భూస్థాపన రోజు నువ్వన్నావు. నేను విన్నాను.

సోమవారం వెళ్ళకు. నీరసం ఎందుకు తగ్గలేదో మీ డాక్టరునే అడుగు. విసుక్కున్నా అడుగు. ఎప్పుడైనా వెళ్ళక తప్పకపోతే, ఉన్న చీటీలన్నీ తీసుకెళ్ళి ముందు పెట్టు.

మీ అక్క ఫైలు దీనితో పంపుతున్నాను. తేదీలు చూడు. తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
మీ బావ
దేవానందం

తా.క.: మీ అక్క ఎక్కడికీ వెళ్దామనలేదు. పెద్ద డాక్టరుకు చూపించలేదా అని కాలేజీలో తోటి లెక్చరర్లు అడిగేవారు. నాకు నామోషీగా ఉండేది. చీటీలు దాచిందీ నేనే. మొదటిసారి విజయవాడ బయలుదేరిన రోజు బస్టాండులో ఆమె, "మన డాక్టరు దగ్గరే ఉందామండీ. నేను బయట దగ్గితే లోపల్నుంచే పోల్చుకుంటాడు" అంది.

బస్సు కదులుతోంది, ఎక్కమన్నాను.