సీరియల్లో చచ్చిపోయిన బావ

విశాఖపట్నం, 4-7-1983

పద్మనాభంలో ఉన్న బావ సన్యాసిరాజుకి శ్రీరామ్మూర్తి నమస్కరించి రాయునది.

మా చెల్లెలు గౌరీశ్వరి మెడలో తాళి కట్టిన రోజున, 'నువ్వు పుస్తకం రాస్తే మొదట నానే సదువుతాను బావా' అని మాటిచ్చావు. ముప్పై నాలుగేళ్లయింది. నా మొదటి నవల రాతప్రతి మీ ఆవకాయ జాడీ మూతికి కట్టి ఉండగా చూశాను.

రేవులో భద్రతాధికారిగా రిటైరయ్యాక ఇప్పుడు వారపత్రికలో సీరియల్ రాస్తున్నాను. నాయకుడు భద్రతలో ఆరితేరినవాడు. చెయ్యని హత్య అతని మెడకి చుట్టుకుంటుంది. చచ్చినవాడు పద్మనాభం రైతు సన్యాసిరాజు. ఇనప ఖనిజం గుట్ట కింద దొరికావు. ఇకనైనా చదువు.

నీ శ్రీరామ్మూర్తి

తా.క.: రెండో వారంలోనే చస్తావు. పెద్దగా ఓపిక అక్కర్లేదు.

పద్మనాభం, 8-7-1983

బావకి,

ఇక్కడ అందరూ క్షేమం, నీ దయవల్ల నేను తప్ప. టీకొట్టు దగ్గర చదివించుకున్నాం. శవం కాలికి ఒకటే చెప్పు ఉందని రాశావు. రెండోది ఎక్కడ పారేశావని ఊరంతా నన్నే అడుగుతోంది. హంతకుడెవరో నాకొక్కడికీ చెప్పు.

ఇట్లు, సన్యాసిరాజు

తా.క.: నిన్న పొలంలో కాకి నా నెత్తిన తన్నింది. ఆనవాయితీ ప్రకారం గౌరీశ్వరి, నేను పోయానని ఆనందపురంలో మా వియ్యంకుడు అప్పలసూరికి కబురు పంపింది. కబురు నమ్మి దగ్గర చుట్టమొకరు ఏడిస్తే చావుదోషం పోతుంది. అప్పుడు నిజం చెబుతాం.

విశాఖపట్నం, 11-7-1983

బతికున్న బావకి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. పోలీసులు అంతకంటే ముందు, నిన్న పొద్దున్నే వచ్చారు. అప్పలసూరి ఏడవలేదు. ఆయన నా సీరియల్ పాఠకుడు. పత్రిక చంకలో పెట్టుకుని తిన్నగా స్టేషనుకొచ్చి, 'ఈడే సంపీసాడండి. ముందే రాసీసాడు సూడండి' అన్నాడట. నేను దొంగల్ని తెచ్చి కూర్చోబెట్టిన బెంచీ మీదే నన్ను కూర్చోబెట్టారు. సాయంత్రం నీ ఉత్తరం తీసుకెళ్లి చూపిస్తే, 'రచయితవి కదా, ఇదీ నువ్వే రాసుంటావ్' అన్నారు ఎస్సైగారు. నువ్వొచ్చి కనబడేదాకా రోజూ వెళ్లి సంతకం పెట్టాలి. వీధిలో ఎవరూ నాతో మాట్లాడడం లేదు. మొదటి బస్సెక్కు.

నీ శ్రీరామ్మూర్తి

తా.క.: హంతకుడెవరని ఎస్సైగారు గద్దించారు. అలవాటుకొద్దీ వచ్చేవారం దాకా ఆగమన్నాను.

పద్మనాభం, 13-7-1983

బావకి,

రావడానికి వీల్లేదు. అప్పలసూరి ఏడవకముందే కనబడితే దోషం నాకే ఉండిపోతుందని గౌరీశ్వరి తలుపు గొళ్లెం పెట్టింది. 'అన్నియ్య బెంచీ మీదే కదా కూకున్నాడు. నువ్వు పాడె మీద పడుకుంటావేటి?' అంటోంది. నీ పరువు కోసం నన్ను చావమంటావా? ఆయన్ని ఎలాగో ఏడిపించు.

ఇట్లు, సన్యాసిరాజు

తా.క.: ఊరికే కూర్చోలేక జాడీ మీది నవల విప్పి చదివాను. నూనె తగలని పేజీలు బాగున్నాయి.

విశాఖపట్నం, 16-7-1983

బావకి,

గొళ్లెం తీయించు. దోషం పోయి ఆరు రోజులైంది. నువ్వు పోయావని నేను మొదట విన్నది స్టేషన్లోనే. నీ ఉత్తరం అప్పటికింకా రాలేదు. ఆ బెంచీ మీద కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పశ్చాత్తాపమని ఎస్సైగారు రాసుకున్నారు. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. సంతకాలు పెట్టీ పెట్టీ విసిగి చెబుతున్నాను.

మాట తప్పిన నిన్ను క్షమించాను. ఫిర్యాదు చేసిన అప్పలసూరినీ క్షమించాను. బావ పోయాడంటే ఏడ్చే మనిషి కావలసి వచ్చినప్పుడు, నన్ను కాదని వియ్యంకుణ్ణి వెతుక్కున్న మనిషిని మాత్రం క్షమించను.

నీ శ్రీరామ్మూర్తి

తా.క.: ఇది పైకి చదువు, వంటింట్లోకి వినబడాలి. ఆ మనిషి గౌరీశ్వరి.