మీరు ఎగరేయని స్పిట్‌ఫైర్

ఏవండీ,

మీ సంవత్సరీకం అయ్యాక, ఇవాళ మీ స్పిట్‌ఫైర్‌ను అల్వాల్ మైదానానికి తీసుకెళ్ళాం. పాత యుద్ధ విమానాన్ని చూసి ఏళ్ళ తరబడి చెక్కతో చేసిన ఆ నమూనాను, కూలిపోతుందని మీరు ఒక్కసారీ ఎగరేయలేదు. రిమోట్‌తో ఎగరేస్తానని మీ స్నేహితుడు యాదగిరి గారు అడిగితే ఒప్పుకున్నాను.

ముందువైపు నిమ్మకాయ, మిరపకాయలు కట్టబోయాను.

"వద్దు వదినా, ముక్కు బరువైతది. ఎగరంగనే కింద పడతది. బొట్టు పెట్టుండ్రి, చాలు," అన్నారాయన.

కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. మోత దూరమైంది, దగ్గరైంది, ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే విమానం గడ్డిలో క్షేమంగా నిలబడి ఉంది.

"ఇంకోసారి ఎగరేద్దామా వదినా?"

వద్దనబోయాను. అది గాల్లో ఎలా ఉంటుందో మీరు చూడలేదు, నేనూ చూడలేదు. సరేనన్నాను. ఈసారి స్వామిని కళ్ళు తెరిచే తలుచుకున్నాను.