కోడలి నోట మగమాట

యాగొదా తల్లీ, మేం కులాసా.

మీ తమ్ముడు డాన్యూబ్ నదిలో పడవల మీద పనికి వెళ్ళాక, మన హంగేరీ కోడలు ఎటెల్కకు సెర్బియన్ ఎవరు నేర్పుతున్నారో అంతుపట్టలేదు. అలసిపోతే ఆడవాళ్ళం "ఉమోర్న" అంటాం కదా, ఈ పిల్ల మగవాళ్ళలా "ఉమోరన్" అంటోంది. ఎవడో మగవాడే నేర్పుతున్నాడు! "ఎవడే వాడు?" అని నిలదీస్తే బిందె తీసుకుని బావికి వెళ్ళిపోయింది.

నిన్న అనుమానంతో ప్లమ్ తోటలోకి దాని వెనకే వెళ్ళాను. పెళ్ళినాటి నుంచి దానితో పలకని మీ నాన్న, చెట్టు కింద కూర్చుని, "తప్పమ్మా, మళ్ళీ చెప్పు. ఉమోరన్!" అంటున్నారు. చప్పుడు చేయకుండా వచ్చేశాను. భోజనాల దగ్గర మళ్ళీ మూతి బిగించుకున్నారు.

బాబు దగ్గు తగ్గిందా? నల్ల ఉన్ని పంపు. నువ్వే వచ్చి దానికి ఆడమాట నేర్పు. నేను దిద్దితే, చూశానని మీ నాన్నకు తెలిసిపోతుంది, పాఠం మానేస్తారు.

అల్లుడికి, బాబుకి నా దీవెనలు.

అమ్మ