వాసన పోయిన వీధి

ఈశ్వరీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. సంవత్సరీకానికి ఆళ్లగడ్డ నుంచి నీ చెల్లెలు ఓబులమ్మ వచ్చింది. మన వీధిని గుర్తుపట్టడానికి ఆమెకు కాసేపు పట్టింది.

ఇంటి వెనక ఉండే మురుగు మడ్డి కుప్పలు ఇప్పుడు లేవు. నంద్యాల మురుగు నీళ్లలో అడుగున పేరుకునే మడ్డిని ఎండబెట్టి, బట్టీలో కాల్చి, ఆ బూడిదను సిమెంటులో కలిపి రోడ్డు మీద పరిచే ఇటుకలు చేస్తున్నారు. పోయిన నెల మన వీధిలో పరిచింది వాటినే. వాసనకు భయపడి నువ్వు ఎప్పుడూ మూసే ఉంచిన వెనక కిటికీ తెరిచాను. ఓబులమ్మ దాని పక్కనే కూర్చుని అన్నం తింది.

"ఆ వాసన యాడికి పాయ బావా?" అని అడిగింది.

"రోడ్డయింది. దాని మీదనే నడిచొస్తివి" అన్నాను.

ఆమె లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"అక్క మంచంలో ఉన్నప్పుడు, ఒక్క రాత్రి ఈడ పండుకోమని అడిగింది. ఈ వాసనకు తాళలేక సాయంత్రం బస్సుకే పోతి."

ఆ రోజు ఆమె వెళ్లాక నువ్వు చాలాసేపు తలుపు వైపే చూసిన సంగతి నేను చెప్పలేదు. "మీ అక్క ఏమీ అనుకోల్యా" అన్నాను.

"అబద్ధం చెప్పొద్దు బావా. ఈ పొద్దు నేను పోను."

మార్చుకోవడానికి ఆమె బట్టలు తెచ్చుకోలేదు. నీ పెట్టెలోంచి నీలం చీర తీసిచ్చాను. సాయంత్రం అది కట్టుకుని ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతుంటే, వెనక నుంచి చూసి "ఈశ్వరీ" అని పిలిచాను.

ఆమె తిరిగి చూడలేదు. చెంబు పట్టుకుని అట్లే నిలబడిపోయింది.