కీతా గారికి క్షమాపణ

సెగూ

కొత్త వాలంటీర్లకు దారి చూపే మ్మా కెలెబోగిలె మోసెకీ గారికి, సెగూ రేడియో సితాన్ కూలిబాలీ దణ్ణాలు. గాబరోనేలో మీ ఇంటిల్లిపాదీ కులాసా అని తలుస్తాను. మీ దేశంలో పెద్ద ఆడవాళ్ళను మర్యాదగా మ్మా అంటారట, నేనూ అలాగే పిలుస్తున్నాను.

ఉమ్మడి విజ్ఞానకోశంలో నా మొదటి పేజీ పెట్టేశాను. కొత్తవాళ్ళు జంకుతారని రాశారు. రోజూ ఊరంతటికీ వార్తలు చదివేదాన్ని, నాకు జంకేమిటి? మా పేట ఆడవాళ్ళు నది బురదతో బట్ట మీద బొమ్మలు అద్దే తీరు రాశాను. ఆ పని తెలిసినవాళ్ళలో మా పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె చూపు పూర్తిగా పోకముందే పేజీ నింపి చూపించాలి. నా కోరిక అదొక్కటే.

ఫుసేనీ కీతా అనే పాత వాలంటీరు వచ్చి, ఏ చెరువు బురదైనా సరిపోతుందని ఒక వాక్యం చేర్చాడు. కొట్టేశాను. ఎందుకు కొట్టేశామో పక్కన రాయమన్నారు కదా, రాశాను: "నది బురదను ఏడాదిపాటు కుండలో మాగనివ్వాలి. బొబ్బర్ల కోసం ప్రాణం పెట్టే కీతాలకు బట్టల సంగతేం తెలుసు? మా తాతల దగ్గర పాలేరువి, పాలేరులా ఉండు."

పని హాయిగా సాగుతోంది.

మీ శిష్యురాలు,
సితాన్

తా.క.: కీతా జవాబిచ్చాడు. నేను కుండ అడుగున మాడిన బొబ్బర్లు గోకి తింటానట. మంచి మనిషి.

---

గాబరోనే

సితాన్ గారికి,

మీ ఉత్తరం చదువుతూ చదువుతూ టీ కప్పు పక్కన పెట్టేశాను. ఎందరో కొత్తవాళ్ళను చూశాను గానీ, వస్తూనే సాటి వాలంటీరును పాలేరు అన్నవాళ్ళు లేరు. సంగతి విజ్ఞానకోశం పెద్దల మండలికి తెలియజేశాను. మీకు రెండు హెచ్చరికలు పడ్డాయి. మూడోది పడితే మీ ఖాతాతో పాటు పేజీ కూడా పోతుంది. వెంటనే కీతా గారికి క్షమాపణ చెప్పండి. మీ ఇద్దరి మధ్య పాత కక్షలుంటే దాచకండి.

మీ మేలు కోరే,
కెలెబోగిలె మోసెకీ

తా.క.: బొబ్బర్లు నాకూ ఇష్టమే. అందులో తిట్టేముందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

---

సెగూ

మ్మా మోసెకీ గారికి,

కక్షేమిటి? అతను కీతా, నేను కూలిబాలీ. మరెలా మాట్లాడుకుంటాం? తాతముత్తాతల నుంచీ ఇంతే. మా నాన్న పోయినప్పుడు పక్క వీధి కీతాలు వచ్చి గుమ్మానికి అడ్డంగా పడుకున్నారు. ఈ తిండిపోతు చావలేదు, పని ఎగ్గొట్టడానికి నిద్ర నటిస్తున్నాడని గోల చేశారు. చేతిలో మర్యాదకిచ్చే కోలా కాయలు పెట్టేదాకా శవాన్ని కదలనివ్వలేదు. మా అమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

అయినా పేజీ పోతే పెద్దమ్మకు ఏం చూపించను? మీ మాట కాదనను. క్షమాపణ మీరే రాసి పంపండి. కీతాలకు అలాంటిది రాసే అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

మాట వినే,
సితాన్

తా.క.: నేను పొద్దుటి నుంచి ఉలకడం లేదని, నోట్లో బొబ్బర్లున్నాయా అని కీతా అడుగుతున్నాడు.

---

గాబరోనే

సితాన్ గారికి,

శవాన్ని ఆపేంత పగ ఉందని నేను ఊహించలేదు. అందుకే ఎంతో జాగ్రత్తగా రాసి పంపాను: "గౌరవనీయులైన కీతా గారూ, నా మాటల వల్ల మీ మనసు నొచ్చుకొని ఉంటే దయచేసి మన్నించగలరు." మీరు పొల్లు పోకుండా అదే పెట్టారు. సంతోషించాను.

అంతలోనే కీతా గారి ఫిర్యాదు వచ్చింది. అంతకుముందు ఆయన ఒక్క ఫిర్యాదూ చేయలేదు. ఇప్పుడేమో, ఇంతటి అవమానం తనకు ఎన్నడూ జరగలేదనీ, ఈ పనే మానుకుంటాననీ రాశారు. మండలి రేపు మూడో హెచ్చరిక ఇవ్వబోతోంది. ఆ క్షమాపణను అటూ ఇటూ తిప్పి చదివాను. అందులో తిట్టు ఎక్కడ దాచారు?

దిక్కుతోచని,
కెలెబోగిలె మోసెకీ

తా.క.: రాసింది నేనే కాబట్టి, కనీసం నాకు చెప్పండి.

---

సెగూ

మ్మా,

దాచలేదు. ఆ క్షమాపణే తిట్టు.

కీతాలకూ మాకూ వరస అలాంటిది, బావామరదళ్ళ సరసం లాంటిది. తిట్టుకుంటున్నంత కాలం సొంతవాళ్ళం. మన్నించమన్నామంటే తెంచుకున్నట్టే. కీతా గారూ అని రాసి, నువ్వు నాకెవరూ కావని అతని ముఖానే చెప్పాను.

ఫోన్ చేశాను. కీతా మెల్లగా, "మావాళ్ళెవరైనా నీకు అపకారం చేశారా, చెల్లీ?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అతన్నీ అతని ఏడు తరాలనూ తిట్టాను. చివరికి నవ్వాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. అసలు తప్పు క్షమాపణ రాసి ఇచ్చినావిడది, ఆమెకు శిక్ష పడాలన్నాడు. మా దేశంలో అతిథికి ఇంటిపేరు ఇచ్చి కలుపుకుంటాం. అతను తన ఇంటిపేరు మీకిచ్చాడు. ఇప్పట్నుంచి నువ్వు కీతావి, నాకు పాలేరువి. బద్ధకం మాని మండలి దగ్గరికి పరుగెత్తు.

నీ యజమానురాలు,
సితాన్

---

గాబరోనే

బొబ్బర్లు దొంగిలించే గౌరవనీయురాలైన సితాన్ కూలిబాలీ గారికి,

మండలికి అంతా చెప్పాను. హెచ్చరికలు రద్దయ్యాయి, పేజీ భద్రంగా ఉంది. ఈరోజే పెద్దమ్మ గారికి చూపించండి. మీ తాతగారు మా తాతగారి దగ్గర పాలేరుగా పనిచేశారని, పనిలో ఏమంత చురుకు కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
కెలెబోగిలె కీతా

తా.క.: తిట్టు సరిగ్గా వచ్చిందా? తప్పులుంటే మొహమాటపడకుండా దిద్దండి. ఈ పనికి నేను కొత్త.