తడి ఉన్న బొమ్మ

మూడో తేదీ. పొద్దుటి నుంచి ముసురు. హాలు రెండుసార్లు తుడిచాను.

కళాసంఘం కార్యదర్శి గారికి ప్రదర్శనశాల కాపలాదారు నమస్కరించి రాస్తున్నది.

చూడవచ్చినవాళ్ల స్పందన వారం వారం రాయమన్నారు. ఈ వారం పదకొండు మంది వచ్చారు. తొమ్మిది మంది వాన వెలిసేదాకా ఉండి వెళ్లారు. ఒకామె బాత్రూం ఎక్కడని అడిగింది. ఒకాయన గొడుగు మరిచిపోయాడు.

నా కుర్చీకి ఎదురుగా ఉత్తరపు గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. కింద చీటీ మీద ‘శీర్షిక లేదు’ అని ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో కోపంతో రంగులు విసిరికొట్టినట్టుంటుంది. కుర్చీ నాలుగడుగులు ముందుకు జరిపితే అలా ఉండదు. పైభాగం మసినలుపు. దాన్ని ఆరకముందే దువ్వెనలాంటి దానితో గీకారు. గీతల అడుగున ఎరుపు కనిపిస్తుంది. అంటే ముందు అంతా ఎరుపే. మధ్యలో పసుపు ముద్ద వేలి మందాన ఉంది. కుడివైపు నీలిధార ఒకటి పక్కకు పారింది. నీళ్లు పక్కకు పారవు కాబట్టి, వేసేటప్పుడు బొమ్మను పక్కకు తిప్పి ఉండాలి.

అసలు సంగతి. బొమ్మలో తడి ఉంది. నిన్న కింది అంచున బెత్తెడు ఉంది, ఇవాళ జానెడు అయింది. చెయ్యి పెట్టి చూద్దామంటే, రాతపూర్వక ఉత్తర్వు లేనిదే బొమ్మలు ముట్టరాదన్న నాలుగో నియమం అడ్డొస్తోంది. తగు ఉత్తర్వు ఇప్పించగలరు.

ఇట్లు,
కాపలాదారు

తా.క.: గొడుగు పిడి విరిగి ఉంది. ఆయన మరిచిపోలేదనుకుంటాను, వదిలించుకున్నాడు.

* * *

ఏడో తేదీ

సహృదయులైన కాపలాదారుకు శుభాకాంక్షలు.

‘బొమ్మలో తడి ఉంది.’ ముప్ఫై ఏళ్లుగా వేదికల మీద మాట్లాడుతున్నాను; ఈ మూడు ముక్కలు నా నోట రాలేదు. ఈ కాలపు కళలో రంగుంది, హంగుంది, లేనిదల్లా తడే. చెయ్యి పెట్టి చూడాలనిపించడం సహృదయుడి లక్షణం. అయితే ముట్టకండి. తడిని దూరం నుంచే అనుభవించాలి.

ఇంకా రాయండి. మీరు ఫోన్ చేశారట. నేను కాగితం మీద ఉన్నదాన్నే నమ్ముతాను.

కళాభివందనాలతో,
కార్యదర్శి

తా.క.: గొడుగు ఉన్నచోటే ఉంచండి. అది కూడా ప్రదర్శనలో భాగమేమో కనుక్కుంటాను.

* * *

పదో తేదీ. మబ్బు. కుర్చీ కాలికి మేకు కొట్టాను.

కార్యదర్శి గారికి కాపలాదారు వినయంగా మనవి చేసేది.

తమరు ఎందుకు మెచ్చుకున్నారో నాకు తెలియలేదు. నేను రాసింది నీళ్ల తడి గురించి. గోడ వెనక నుంచి వస్తోంది. పై అంతస్తు బాత్రూం పైపు చిట్లి ఉంటుంది.

పసుపు ముద్ద మనిషి వీపు. కొంచెం ముందుకు వంగింది. ఎడమ పక్కకు పొడుచుకొచ్చిన మట్టిరంగు మూల మోచెయ్యి. ఏదో పనిలో ఉన్న మనిషి. మెడ దగ్గర కుంచె వెంట్రుక ఒకటి రంగులో అంటుకుపోయింది. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆవిడ, “పరాయివాళ్ల వీపులు తర్వాత చూద్దువుగానీ, మనింటి గోడ పెచ్చులూడుతోంది, అది చూడు” అంది.

బొమ్మ దించి గోడ చూడనివ్వండి.

ఇట్లు,
కాపలాదారు

తా.క.: మా ఇంటి గోడకు తడి లేదు. ఊరికే ఊడుతోంది.

* * *

పద్నాలుగో తేదీ

తత్త్వవేత్తలైన కాపలాదారుకు,

‘గోడ వెనక నుంచి నీళ్లు.’ మనిషికీ మనిషికీ మధ్య ఉన్న గోడ, దాని వెనక పారే కన్నీళ్లు! ‘కన్ను’ వదిలేసి ఒట్టి ‘నీళ్లు’ అనడంలోనే మీ సంయమనం తెలుస్తోంది. మీ ఉత్తరాలను ‘తడి’ అనే కరపత్రంగా వేయించాను. నేను ముందుమాట రాశాను. మీ మాటల కంటే కాస్త పెద్దదైంది. ఇరవై ఎనిమిదిన బహుమతి న్యాయనిర్ణేతలను నేనే వెంటబెట్టుకుని వస్తున్నాను.

ఆర్ద్రతతో,
కార్యదర్శి

తా.క.: ‘బాత్రూం పైపు’ అన్న మాట మాత్రం తీసేశాను. ఆధునికత మంచిదే, కానీ కరపత్రం పెద్దలు కూడా చదువుతారు.

* * *

పంతొమ్మిదో తేదీ. వాన. బొమ్మ కింద బకెట్టు పెట్టాను.

కార్యదర్శి గారికి కాపలాదారు మళ్లీ రాస్తున్నది.

కరపత్రం పట్టుకుని రోజుకు నలభై మంది వస్తున్నారు. అందరూ తడి ఎక్కడుందని అడుగుతారు, చూపిస్తాను. నిన్న ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. చెమ్మ వాసన ఆయనకు పడదట.

తడి మోచేతి దాకా ఎక్కింది. రంగు ఉబ్బుతోంది. ఇంకో జానెడు ఎక్కితే వీపు ఊడి కింద పడుతుంది. మళ్లీ అంటించడానికి అది గోడ పెచ్చు కాదు. ఇన్ని రోజులు చూశాక అది ఊడిపోతుంటే కూర్చుని చూడలేను.

పెద్ద ఉత్తర్వు అక్కర్లేదు. ‘దించు’ అని ఒక్క మాట రాసి, సంతకం చేస్తే చాలు.

ఇట్లు,
కాపలాదారు

తా.క.: బకెట్టుకు నమస్కారం పెట్టినవాళ్లు ఇద్దరు.

* * *

ఇరవై మూడో తేదీ

గురుతుల్యులకు,

‘దించు!’ గుండె బరువు దించు, ముసుగు దించు, మోసేదంతా దించు. ఇక ముందుమాటలు అనవసరం. కరపత్రం రెండో ముద్రణలో మీరు కోరినట్టే ఆ ఒక్క మాట, దాని కింద నా సంతకం, సంఘం ముద్ర. ప్రతి జతపరిచాను.

శిష్యభావంతో,
కార్యదర్శి

తా.క.: కింద అంత ఖాళీ ఎందుకని అచ్చువాడు అడిగాడు. తడి ఆరడానికి అన్నాను.

* * *

ఇరవై ఏడో తేదీ. వాన తెరిపిచ్చింది. బకెట్టు బోర్లించాను.

కార్యదర్శి గారికి కాపలాదారు తెలియజేసుకునేది.

‘దించు’ అని తమరి సంతకంతో, ముద్రతో కాగితం అందింది. దించాను.

ఆ వేళకే ముసలావిడ ఒకరు వచ్చారు. కరపత్రం చదివి, “తడేంటయ్యా?” అన్నారు. “నీళ్ల తడమ్మా. పైపు” అన్నాను. కొంగు బిగించి రెండో కొస పట్టుకున్నారు. బొమ్మ వేసింది ఆవిడేనట. మెడ దగ్గర కుంచె వెంట్రుక ఊడలేదని చూపించాను.

ఆవిడ, “ముప్ఫై మంది దీని గురించి వ్యాసాలు రాశారు. వెంట్రుక ఒక్కరికీ కనబడలేదు” అన్నారు. ఆ వీపు వాళ్లమ్మదట, కుట్టుమిషను ముందు కూర్చున్నది.

బొమ్మ సామాన్ల గదిలో పొడిగా ఉంది. ప్లంబరు పైపు బాగుచేశాడు. గోడ మీద తడి మచ్చ, దాని కింద చీటీ మిగిలాయి.

ఇట్లు,
కాపలాదారు

తా.క.: రేపు తమరు వస్తారు. నాకు సెలవు రోజు. తాళంచెవి పక్క కొట్టులో ఇచ్చాను.

* * *

ముప్ఫయ్యో తేదీ

కాపలాదారుకు,

మీ ఉత్తరం నేను ఇల్లు వదిలాక వచ్చింది. తిరిగొచ్చాకే చదివాను.

అప్పటికి జరగవలసింది జరిగింది. గోడ మీది మచ్చ ముందు నిలబడి న్యాయనిర్ణేతలకు ముప్పావుగంట వివరించాను. వాళ్లు చీటీ చదివారు. పోయినసారి కంటే కళాకారిణి చాలా ఎదిగిందన్నారు. మొదటి బహుమతి ప్రకటించేశారు.

బొమ్మ సంగతి మూడో మనిషికి తెలియకూడదు. గోడ ఎండకుండా చూడాలి. రోజూ పొద్దున్నే ఒక చెంబుడు నీళ్లు కొట్టి పుస్తకంలో రాయండి. ఇది ఉత్తర్వు.

కార్యదర్శి

తా.క.: పైపు బాగుచేసినవాణ్ణి పిలిచి, మళ్లీ మునుపటిలా చెయ్యగలడేమో అడగండి.

* * *

మూడో తేదీ. మంచి ఎండ. కిటికీలన్నీ తెరిచాను.

కార్యదర్శి గారికి కాపలాదారు రాస్తున్నది.

ప్లంబరును అడిగాను. “బాగుచెయ్యడమే నాకొచ్చు. పాడుచెయ్యాలంటే చదువుకున్నవాళ్లని పిలవండి” అన్నాడు.

బహుమతి సంగతి ఆవిడకు నేను చెప్పలేదు. తమరి కరపత్రం మూడో ముద్రణే చెప్పింది. ఆవిడ నవ్వి, మచ్చ బాగానే వచ్చిందన్నారు. బొమ్మ మీద ఉబ్బిన రంగు దానంతటదే సర్దుకుందట. మోచేతి దగ్గర చార పడింది. అది ఉండనివ్వమన్నారు.

ఇట్లు,
కాపలాదారు

తా.క.: పుస్తకంలో రాయమన్నారు కాబట్టి ఇవాళ్టివి ఇక్కడా రాస్తున్నాను. హాలు తుడిచాను. గొడుగుకు కొత్త పిడి వేశాను. నా కుర్చీ సామాన్ల గదిలోకి, బొమ్మకు ఎదురుగా మార్చుకున్నాను. బకెట్టు కడిగాను. చెంబు తోమాను. గోడకు నీళ్లు కొట్టలేదు.