పదిహేడో హోల్ దగ్గర ఆలస్యం

క్లబ్బు కార్యదర్శి మన్రో గారికి,

శనివారం ఆడవాళ్ళ గోల్ఫ్ ఫైనల్ మధ్యలో ఆట ఎందుకు ఆపానో రాసివ్వమన్నారు. రాస్తున్నాను.

ఆ పొద్దున ఈనబోయే గొర్రెల్ని చూసుకోవాలి, ఫైనల్ ఆడాలి, అత్తగారి పుట్టినరోజుకి కేకు చేయాలి. ఫైనలే ముందనుకున్నాను. కానీ ఆడినంతసేపూ మనసు పొయ్యి దగ్గరే ఉంది. కర్ర తిప్పడంలో ఏడాదిగా దిద్దుకుంటున్న స్వింగ్ పాడై, బంతులు ముళ్ళపొదల్లోకి పోయాయి. "దేనికే ఆ తొందర? బంతి పారిపోదులే," అని నాతో ఆడుతున్న ఎఫీ దెప్పుతూనే ఉంది. తన ఆటా అంతంతమాత్రమే కాబట్టి సమానంగా ఉన్నాం.

పదిహేడో హోల్ దగ్గరి ఇసుక గుంటలో, అదే బంకర్లో, మన మైదానంలో మేసే నా గొర్రె ఒకటి ఈనలేక మూలుగుతోంది. కర్ర పడేసి దిగాను. కాన్పుని తొందరపెట్టలేం కదా. ఎఫీ గొర్రె తల అదిమి పట్టుకుంటే, నొప్పి వచ్చినప్పుడల్లా పిల్లని కొంచెం కొంచెంగా లాగాను. పిల్ల బయటపడి తుమ్మింది. ఇద్దరం ఇసుకలోనే కూర్చుని నవ్వుకున్నాం.

చివరి హోల్‌కి నా చేతుల్లో సత్తువ లేదు. కర్ర తాపీగా తిప్పాను. బంతి తిన్నగా వెళ్ళి జెండా పక్కన ఆగింది. ఆట నాదైంది. "ఇకనుంచి ముందు ఓ గొర్రెకి పురుడు పోసి, తర్వాత ఆడవే," అంది ఎఫీ. గొర్రెపిల్లని ఇంటికి తీసుకెళ్తే, అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కేకు ఊసే ఎత్తలేదు.

ఆలస్యానికి నన్ను పోటీలోంచి తీసేస్తే, ఎఫీనీ తీసేయాలి. మీరే తేల్చండి. ఒక్క మనవి: వచ్చే ఏడూ ఫైనల్ గొర్రెలు ఈనే రోజుల్లోనే పెట్టించండి.

ఇట్లు,
బంకర్లో ఇసుక చదును చేయడం మరిచిపోయిన సభ్యురాలు